కీపరుకే విసిరిన మనిషి

మా బావ పోయాడని అక్క ఫోను చేసినప్పుడు నేను అడిగిన మొదటి మాట "ఎప్పుడు" కాదు. "ఆట మధ్యలోనా?" అని అడిగాను. అక్కకు కోపం రాలేదు. "కాదురా. ఇడ్లీ తింటా ఉండి పక్కకు ఒరిగినాడు. చట్నీలో ఉప్పు లేదని నన్ను తిడతా ఉన్నాడు, తిట్టు సగంలో ఆగిపోయింది," అంది. మిగిలిన సగం ఏమై ఉంటుందో మా ఇద్దరికీ తెలుసు.

మన తెలుగు సంఘం కార్యదర్శిగారు మరునాడే వచ్చి, పత్రికకు నాలుగు మంచి మాటలు రాసిమ్మన్నారు. మంచి మాటలకు ఈ పత్రికలో ఎప్పుడూ కొరత లేదు. పోయిన ప్రతివాడూ ఇందులో అజాతశత్రువు అవుతాడు. బతికుండగా మా బావ సభకు వస్తున్నాడని తెలిస్తే వెనక తలుపు గుండా జారుకున్నది ఈ కార్యదర్శిగారే. నాకు అలా రాయడం చేతకాదు. ఒక మనిషిని జీవితమంతా దగ్గర నుంచి ద్వేషించినవాడికి అతని గురించి తెలిసినంత, అభిమానించినవాడికి తెలియదు. ఆ అర్హతతోనే ఇది రాస్తున్నాను.

ఆయన మా పెద్దక్క భర్త. కోడంబాక్కం స్టూడియోల్లో ప్రొడక్షన్ మేనేజరుగా పనిచేసి రిటైరయ్యాడు. సినిమావాళ్ల సంగతి తెలియనివారికి చెబుతున్నాను: షూటింగులో భోజనం అందరికీ ఒకటే కాదు. హీరోకు ఇంటి నుంచి క్యారియరు, డైరెక్టరుకు ఇంకో క్యారియరు, టెక్నీషియన్లకు అరిటాకు, లైట్లు మోసేవాళ్లకు పొట్లం. ఎవరికి ఏది అన్నది మా బావ కనుసన్నల్లో జరిగేది. నచ్చనివాణ్ని క్యారియరు నుంచి ఆకుకు, ఆకు నుంచి పొట్లానికి దించేవాడు. నోటితో ఒక్క మాట అనకుండా మనిషి విలువేమిటో ఆ మనిషికి తెలియజేసేవాడు.

ఈ విద్యను బంధువుల మీద కూడా ప్రయోగించాడు. నా పెళ్లిలో వడ్డన పెత్తనం ఆయనదే. నా స్నేహితులు, అంటే లైబ్రరీలో నాతో పనిచేసేవాళ్లు, పద్యాలు రాసేవాళ్లు, ఆఖరి పంక్తిలో కూర్చుని రసమూ మజ్జిగలతోనే లేచారు. ఇదేమిటని అడిగితే, "కవులకు ఆకలి ఉంటేనే గదబ్బా పద్యం వచ్చేది," అన్నాడు. పందిట్లో అందరూ నవ్వారు. నా భార్య కూడా నవ్వింది. ఆమె ఉన్నన్నాళ్లూ ఆ నవ్వును నేను ఆమెను మరచిపోనివ్వలేదు.

నేను చింతాద్రిపేటలో పుట్టి, ఒక కాలేజీ లైబ్రరీలో పనిచేసి, చింతాద్రిపేటలోనే ముసలివాణ్నయ్యాను. మా పేటలో ఒకప్పుడు మగ్గాలు పెట్టుకుని బతికిన నేతగాళ్ల మీద ఒక పుస్తకం రాశాను. జీవితంలో రాసింది అదొక్కటే. అచ్చయిన వెంటనే ఒక ప్రతి తీసుకెళ్లి బావ చేతిలో పెట్టాను. తర్వాత వాళ్లింటికి వెళ్లేసరికి అది టీవీ స్టాండు పొట్టికాలి కింద ఉంది. మొరటుగా తోసెయ్యలేదు. అట్ట మీద నా పేరు గదిలో కూర్చున్నవాళ్లందరికీ కనబడేలా శ్రద్ధగా పెట్టాడు. "నీ పుస్తకం లేకుంటే ఈ ఇంట్లో వార్తలు వంకరగా కనపడతాయబ్బా," అన్నాడు. ఆ రోజు నుంచి నేను ఆ మెట్లెక్కలేదు. అక్కే అప్పుడప్పుడు మా ఇంటికి వచ్చి, కాఫీ తాగి, బావ ఊసు ఎత్తకుండా వెళ్లేది. కొన్నేళ్లు అలాగే గడిచాయి.

మళ్లీ వెళ్లాల్సి వచ్చింది. కారణం బేస్‌బాల్.

అప్పట్లో బర్మా బజారులో టీవీకి తగిలించే వీడియో గేము పెట్టెలు గుట్టలుగా పోసి అమ్మేవారు. రిటైరయ్యాక పెత్తనం చెయ్యడానికి మనుషులు దొరకక బావ ఒక పెట్టె కొన్నాడు. దానిలో పెట్టి ఆడటానికి పసుపురంగు క్యాసెట్టు ఒకటి తీసుకున్నాడు. పైన బొమ్మలో ఒకడు బ్యాటు ఎత్తి నిలబడి ఉన్నాడు. రాత అంతా జపాను అక్షరాలు. "క్రికెట్ దానే?" అని బావ అరవంలో అడిగాడట, క్రికెట్టేగదా అని. "క్రికెట్ దా సార్," అన్నాడట అంగడివాడు. అతన్ని తప్పు పట్టలేం. మద్రాసులో బ్యాటు పట్టుకున్నవాడు ఇంకేం ఆడతాడు?

అక్క ఫోను చేసింది. "మీ బావ ఏందో ఆట తెచ్చినాడురా. క్రికెట్టంటాడు, చూస్తే వికెట్లే లేవు. బంతిని కొట్టి బ్యాటు ఆడనే పారేసి పరిగెత్తతారు. మాకు ఒక్కటీ అర్థం కాలేదు. నువ్వు చదువుకున్నోడివి గదా, వచ్చి చూడు."

ఆ ఇంటి నుంచి నా చదువు పేరెత్తి నన్ను పిలవడం అదే మొదలు. మా అక్కకు అబద్ధం చెప్పడం చేతకాదని అప్పట్లో నా నమ్మకం. ఆదివారం ఎగ్మోరు దాకా నడిచి, ఎలెక్ట్రిక్ ట్రైనెక్కి కోడంబాక్కంలో దిగాను.

బావ గుమ్మంలోనే ఉన్నాడు. రిటైరైనా జుట్టుకు రంగు మానలేదు, మెడ నిండా పౌడరు మానలేదు. "ఏం బామ్మర్దీ, దారి తప్పినావా?" అన్నాడు.

"నా పుస్తకం ఎలా ఉందో చూసి పోదామని."

"ఈడనే ఉండాది, యాడికి పోతుంది? కొత్త టీవీ కొన్నాం, బరువెక్కువ. నీ అవసరం ఇంకా పెరిగింది."

అక్క వంటింట్లోంచి, "వచ్చీ రాంగానే మొదలుపెట్టినారా, ఇద్దరూ కూసోండి," అంది.

ఆయన పద్ధతి ఒకటి చెప్పాలి. ఆటకు ముందు లుంగీ ఎగ్గట్టి, క్యాసెట్టును రెండు చేతులతో ఎత్తి, శంఖం ఊదినట్టు దాని నోట్లో ఊదేవాడు. దుమ్ము పోతుందట. తర్వాత రిమోట్లు పంచేవాడు. కొత్తది తనకు, తీగ తెగిపోయి టేపు చుట్టినది నాకు. అక్కడ కూడా ఆకూ పొట్లమూ తప్పలేదు.

తెర మీద మైదానం, అందులో కుండలకు కాళ్లొచ్చినట్టు బొద్దు మనుషులు. ఒకడు బంతి వేస్తాడు, ఒకడు బ్యాటు తిప్పుతాడు, బ్యాటు వెనక కీపరు గొంతుక్కూర్చుని ఉంటాడు. మైదానానికి నాలుగు మూలల్లో తెల్లటి దిండ్లు. బంతి తగలగానే కొట్టినవాడు బ్యాటు పారేసి మొదటి దిండు దగ్గరికి పరుగెత్తుతాడు. వద్దన్నా ఆగడు. ఇక బంతిని పట్టుకున్నవాడు దాన్ని ఎటు విసరాలో మన చేతిలో ఉంటుంది. రిమోటులో బాణం ఎటు నొక్కితే అటు విసురుతాడు. క్రికెట్టు చూసి పెరిగినవాళ్లం. బంతి చేతికొస్తే ఎవరికి విసరాలో మనకు ఒకరు చెప్పాలా? కీపరుకు విసిరాను. బావ కూడా కీపరుకే విసిరాడు. కీపరు దాన్ని అందుకుని ఊరికే కూర్చునేవాడు. ఈలోగా కొట్టినవాడు మొదటి దిండు మీద క్షేమంగా నిలబడి ఉండేవాడు. గాల్లోనే బంతిని పట్టుకుంటేనో, బ్యాటు తిప్పి తిప్పి తగలకపోతేనో తప్ప ఎవడూ అవుటయ్యేవాడు కాదు. నేలమీద దొర్లిన బంతికల్లా పరుగులే పరుగులు. ఇద్దరి స్కోర్లూ టెస్టు మ్యాచిలాగా పెరిగిపోయేవి.

"ఈ జపానోళ్లకు వికెట్టు విలువ తెలీదబ్బా," అనేవాడు బావ. నిజమే అనిపించేది.

కాని నేను లైబ్రరీలో జీవితం గడిపినవాణ్ని. అర్థం కానిదాన్ని అలా వదిలెయ్యలేను. పాత కాలేజీకి వెళ్లి, ఎవరూ ముట్టని ఒక అమెరికా విజ్ఞాన సర్వస్వం దించి, దుమ్ము దులిపి చదివాను. రహస్యమంతా ఒక చిన్న వాక్యంలో ఉంది. బంతిని విసరాల్సింది కీపరుకు కాదు. కొట్టినవాడు మొదటి దిండు చేరేలోపు బంతి అక్కడికి చేరితే వాడు అవుటు.

ఆ ఆదివారం బావ కొట్టాడు. బంతి దొర్లుతూ వచ్చింది. నేను కుడి బాణం నొక్కి మొదటి దిండుకు విసిరాను. ఆయన మనిషి సగం దారిలో ఆగిపోయాడు.

"ఏమైంది?" అన్నాడు బావ.

"అవుటు."

"ఎవురు?"

"నువ్వే."

"బంతి కీపరుకు ఇయ్యనే లేదే?"

రిమోటు పక్కన పెట్టి వివరించాను. ఒక్క నియమం చెప్పి ఊరుకోలేదు. కొట్టాక పరుగెత్తాలా వద్దా అని ఆలోచించుకోనిచ్చే క్రికెట్టుకూ, కొట్టాక పరుగెత్తక తప్పని ఈ ఆటకూ తేడా చెప్పాను. "బావా, ఇది నాగరికతకు సంబంధించిన విషయం," అన్నాను. ఆయన కళ్లు సగం మూసుకుని, తల పంకిస్తూ విన్నాడు. అక్క పమిట చెంగు నోటికి అడ్డం పెట్టుకుని వంటింట్లోకి వెళ్లింది. ఆమెకు ఈ విషయాలు పట్టవు అనుకున్నాను.

ఆ రోజు నేను గెలిచాను. ఆ తర్వాత పసుపు క్యాసెట్టు పెట్టిన ప్రతిసారీ గెలిచాను. ఎందుకంటే బావ నేర్చుకోలేదు. చెప్పాను, చూపించాను, రెండుసార్లు ఆయన వేలు పట్టుకుని కుడి బాణం మీద పెట్టాను. బంతి చేతికొస్తే మాత్రం కీపరుకే విసిరేవాడు. "చెయ్యి వినదబ్బా," అనేవాడు. పెత్తనం చేసి చేసి మెదడు గట్టిపడిన మనిషి ఇలాగే ఉంటాడని నాకు నేను చెప్పుకున్నాను. నా పెళ్లి పందిరి, టీవీ స్టాండు, పందిట్లో నవ్వులు, అన్నింటికీ ఒక్కొక్క ఆదివారం బదులు తీర్చుకుంటూ వచ్చాను. ఈ జన్మలో నేను ఆయన మీద గెలిచిన ఒకే ఒక చోటు అది. ఆ గెలుపు పుస్తకం చదివి సాధించింది. నాకు అంతకంటే కావలసింది లేదు.

అక్కడితో ఆగితే బాగుండేది. నాకు విమర్శ జబ్బు ఉంది. ఆ ఆటకు పోటీగా ఇంకేదైనా ఉందా అని నేనూ బర్మా బజారంతా తిరిగి, బూడిదరంగు క్యాసెట్టు ఒకటి తెచ్చాను. అదీ బేస్‌బాలే. రెండింటికీ పోలిక లేదు. ఆ పోలిక గురించి ఈ పత్రికలోనే ఒక వ్యాసం రాశాను, మీలో ఎవరూ చదవలేదు కాబట్టి మళ్లీ చెబుతాను.

పసుపు ఆటలో సంగీతం ఆగదు. బంతి చేతిలోంచి వదిలాక కూడా మన మాట వింటుంది, గాలిపటంలాగా కుడికీ ఎడమకీ వంచవచ్చు. బ్యాటు ఎలా తిప్పినా ఏదో ఒకటి తగులుతుంది, గట్టిగా తగిలితే గోడ దాటుతుంది, బాకాలు మోగుతాయి. మైదానంలోవాళ్లు మాత్రం తడి ఇసుకలో నడిచినట్టు నడుస్తారు. బూడిద ఆటలో మనుషులకు నడుమూ భుజాలూ ఉన్నాయి. బ్యాటు పట్టినవాడి వెనక నిలబడి చూస్తాం. బంతి ఎక్కడ వెయ్యాలో ముందే తేల్చుకోవాలి, వదిలాక చేసేదేమీ లేదు. బ్యాటు ఎత్తు కూడా మనమే సరిచూసుకోవాలి, రవ్వంత తేడా వస్తే గాలే తగులుతుంది. అంపైరు బిందెలో తలపెట్టి అరిచినట్టు అరుస్తాడు, మిగతా అంతా నిశ్శబ్దం. ఆట త్వరగా తేలదు. పసుపుది హరికథ, బూడిదది నవల. ఇంకొక తేడా ఉంది, అది అప్పట్లో నేను చిన్నదనుకున్నాను. బూడిద ఆటలో మైదానంలోవాళ్లను మనం కదపక్కర్లేదు. బంతిని వాళ్లే పట్టుకుంటారు, ఎవరికి విసరాలో వాళ్లకే తెలుసు, విసిరేస్తారు.

అందులో బావ నన్ను చిత్తుగా ఓడించాడు. ఏడాది పొడవునా పసుపు ఆటలో ఓడిన మనిషి, నేను తెచ్చిన ఆటలో, నేను పొగిడిన ఆటలో, నాకు ఒక్క పరుగు కూడా మిగల్చలేదు. బంతి వచ్చేదాకా కదలకుండా ఉండి, చివరి క్షణంలో బ్యాటు తిప్పేవాడు. పొట్లాలు పంచే మనిషి కన్ను అది, దూరం నుంచే ఎవడేమిటో తూచేస్తుంది. గెలిచాక మాత్రం, "ఏం ఆటబ్బా ఇది, గవర్నమెంటాఫీసులో ఫైలు కదిలినట్టుంది. పసుపుదే మేలు," అన్నాడు.

నేను ఒప్పుకోలేదు. ఓడిపోయిన ఆటను పొగడగలగడమే విమర్శకుడి నిజాయితీ అన్నాను. ఆయన కూడా ఓడిపోయే ఆటనే పొగుడుతున్నాడని నాకు తోచలేదు. ఆయనది మొండితనం, నాది నిజాయితీ అనుకున్నాను. ఆ తర్వాత కొన్ని ఆదివారాలు నేను వెళ్లలేదు. జలుబన్నాను, ట్రైన్లు సరిగా లేవన్నాను. చివరికి అక్క ఫోను చేసి, "రారా, నీ బూడిదది బీరువాలో పెట్టేసినాడు. పసుపుదే ఆడతాడంట," అంది. వెళ్లాను. గెలిచాను. పాఠం చెప్పాను.

అలా సాగింది. ఊరు పేరు మార్చారు, మా పేట పక్కనే కూవం నది మీదుగా కొత్త రైలు వేశారు, బావ కంటికి శుక్లాలు వచ్చాయి, కాళ్లు వాచాయి. క్యాసెట్టు ఊదడానికి ఊపిరి చాలక అక్క చేత ఊదించేవాడు. నాకు జాలి కలగలేదు. పని కోసం స్టూడియో వాకిట్లో ఎండలో నిలబడినవాళ్ల మీద ఆయనకూ కలగలేదు. ఆఖరి ఆదివారం కూడా బంతి దొర్లుతూ ఆయన మనిషి చేతికి వెళ్లింది. ఆయన తీరిగ్గా కీపరుకు విసిరాడు.

"నీకు ఈ జన్మకు అర్థం కాదు బావా," అన్నాను.

"అర్థమయ్యేదానికి తొందరేముంది," అన్నాడు. నాతో ఆయన ఆడిన చివరి మాట అదే. అది ఎంత నిలువెత్తు అహంకారమో నాకు తెలియడానికి ఆయన చావాల్సి వచ్చింది.

కర్మలన్నీ అయ్యాయి. ఆయన చేతి పొట్లం తిన్నవాళ్లంతా వచ్చి ఆయన చేతి అన్నం మరవలేమని కన్నీళ్లు పెట్టుకుని వెళ్లారు. చుట్టాలూ వెళ్లిపోయారు. ఒక మధ్యాహ్నం నేనూ అక్కా మిగిలాం. అక్క టీవీ పెట్టింది. లేచి, పసుపు క్యాసెట్టు తీసి, దాని నోట్లో ఊది, పెట్టెలో పెట్టింది. కొత్త రిమోటు నాకు ఇచ్చింది.

"నీకు ఆడటం వచ్చా?" అన్నాను.

"ఏదో, చూసింది గదా."

బంతి వేసింది. నేను కొట్టాను. నేలమీద దొర్లింది. అక్క మనిషి వంగి అందుకుని, అక్కడ ఆలోచించాల్సింది ఏమీ లేనట్టు మొదటి దిండుకు విసిరాడు. నేను అవుటు.

"ఇది నీకెవరు చెప్పారు?"

"ఎవురు చెప్పేది? మీ బావే."

"ఎప్పుడు?"

"పెట్టె తెచ్చిన కొత్తల్లోనే. స్టూడియోలో స్టిల్స్ తీసే ఆంగ్లో ఇండియన్ ఆయన లేదూ, పెరంబూరాయన? ఆయన చిన్నప్పుడు ఆడినాడంట. ఒకరోజు వచ్చి ఈడనే కూసోని అంతా చెప్పి పోయినాడు. ఆ తర్వాతనే గదా నీకు ఫోను చేసింది."

"మరి ఒక్కటీ అర్థం కాలేదన్నావు."

"మీ బావ అట్ల చెప్పమన్నాడు. చదువుకున్నోడు ఎన్నాళ్లకు కనిపెడతాడో చూద్దామన్నాడు." ఆమె రిమోటు ఒళ్లో పెట్టుకుంది. నవ్వు ఆపుకుంటోంది. "నువ్వు కనిపెట్టి వచ్చి పాఠం చెప్పినావు చూడు, నువ్వట్ల పోంగానే మీ బావ లేచి నిలబడి, నా కళ్లజోడు తీసి ముక్కు కొసకు పెట్టుకోని, వేలు పైకెత్తి, 'బావా, ఇది నాగరికతకు సంబంధించిన విషయం,' అని అచ్చం నీ మాదిరే చేసినాడు. నవ్వి నవ్వి నాకు ఎక్కిళ్లు పుట్టినాయి. అది మొదలు, నువ్వు వచ్చి పోయినప్పుడంతా అడిగి చేయించుకునేదాన్ని."

"అందుకా ఓడిపోయేవాడు? నన్ను వెక్కిరించడానికా?"

"దానికీ అనుకో," అంది అక్క. "ఇంకోటేందంటే, నువ్వు ఓడిపోతే మళ్లీ రావు గదరా. బూడిదదాంట్లో ఓడగొట్టినాక ఎన్ని వారాలు మొహం చూపించలేదు? తప్పు చేసినానే అని ఆ బీరువాకు తాళం వేసినాడు. ఆయన్ని చూస్తే అందురూ పారిపోయినోళ్లే. నువ్వొక్కడివేగా వచ్చి కూసోని తిట్టేది."

ఇప్పుడు నేను ఏం రాయాలి? ఆయన నన్ను జీవితమంతా పొట్లం దాకా దించాడని అనుకున్నాను. కాదు. ప్రతి ఆదివారం హీరో క్యారియరే పంపాడు, పంపి, నేను తినే తీరు చూసి వెనక నవ్వుకున్నాడు. నా ఒకే ఒక గెలుపు ఆయన వడ్డించింది. దాన్ని ఇప్పుడు ఆకుతో సహా తీసుకుపోయాడు. బతికుంటే బూడిద క్యాసెట్టు పెట్టి తేల్చుకునేవాణ్ని, ఓడిపోయినా సరే. చచ్చినవాణ్ని ఎవరు ఓడిస్తారు? నేను వచ్చేదాకా ఆదివారం అన్నం ముట్టేవాడు కాదని కూడా అక్క చెప్పింది. ఇకమీదట అక్క చెప్పేది ఏదీ నేను నమ్మను.

"నీ పుస్తకం తీసుకోని పోతావా? ఇంకేదైనా చెక్క పెట్టుకుంటాలే," అంది.

వంగి చూశాను. స్టాండు కాలి కింద నా పేరు ఇంకా గది వైపే ఉంది. అట్ట మీద దుమ్ము లేదు, ఎవరో తుడుస్తున్నారు. ఎవరని అడగలేదు. "ఉండనీ. తీస్తే ఆట వంకరగా కనబడుతుంది," అన్నాను.

"అయితే ఆడు. నేను మాత్రం నీకోసం ఓడిపోను."

బంతి వేసింది. నేను కొట్టాను. నా మనిషి బ్యాటు పారేసి పరుగందుకున్నాడు. బంతి దొర్లుకుంటూ వెళ్లి ఆ బొద్దుమనిషి చేతిలో పడింది. అక్క బొటనవేలు బాణాల మీద ఆగింది. బంతి పట్టుకున్నవాడు అలాగే నిలబడి ఉన్నాడు. సంగీతం మోగుతూనే ఉంది, నా మనిషి పరుగెత్తుతూనే ఉన్నాడు, బ్యాటు వెనక కీపరు గొంతుక్కూర్చుని, చేతులు చాచి, తనకే వస్తుందని ఎదురుచూస్తున్నాడు.